నల్లబండపల్లెలో గడువు పొడిగింపు

1961 నవంబరులో నేను ప్రొద్దుటూరు కేంద్రంగా తిరిగే ప్రభుత్వ ప్రచార వ్యానుకు సహాయ ప్రచారాధికారిగా ఉన్నాను. హోదా పేరు పొడుగే గాని, నా చేతి కింద ఉన్నవి ఒక వ్యాను, ఒక ప్రొజెక్టరు, ఒక మనిషి. అంతకుముందు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో కర్నూలులో గుడారం కింద గుమాస్తాగా చేరాను. ఎండకు కాగితాలు పచ్చబడుతుంటే, గాలికి అవి ఎగిరిపోకుండా గులకరాళ్లు ఏరుకొచ్చి పెట్టడం నా మొదటి ప్రభుత్వ సేవ. ఆ తర్వాత రాజధానితో పాటు హైదరాబాదు వెళ్లి, ఒక మెట్టు పైకెక్కి, కడప జిల్లాకు వచ్చిపడ్డాను. మాది తెనాలి వైపు. కడప మాట నాకు అర్థమవడానికి ఒక ఏడాది పట్టింది. నా మాట వాళ్లకు మొదటిరోజే అర్థమైంది గాని, అది వింటే వాళ్లకు నవ్వొచ్చేది.

ఈ ఉద్యోగంలో చేసేదేమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. టీవీలు లేవు. రేడియో ఊరికొకటి ఉంటే ఆ ఊరు గొప్పది. ప్రభుత్వం ఏదైనా చెప్పదలచుకుంటే దాన్ని ఒక చిన్న సినిమాగా తీసి, రీళ్లు మాకు పంపేది. మేము పల్లెకొక రాత్రి లెక్కన తిరుగుతూ తెర కట్టి చూపించాలి. సినిమాలో మాటలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండేవి. వాటి గొంతు తగ్గించి, నేను మైకు పట్టుకుని తెలుగులో వ్యాఖ్యానం చెప్పాలి. ఏ రోజు ఏ ఊళ్లో ఉంటామో నెల ముందే రాసి పంపేదాన్ని టూర్ ప్రోగ్రాం అంటారు. దాన్ని మా పై అధికారి ఆమోదించాక దేవుడు కూడా మార్చకూడదు.

వ్యాను నడిపేదీ, ప్రొజెక్టరు తిప్పేదీ మస్తాన్. ప్రొద్దుటూరు మనిషి, నలభై ఏళ్లవాడు. ధైర్యం గురించి చాలా మాట్లాడేవాడు. ఆ నెలాఖరుకు వాళ్ల చెల్లెలి పెళ్లి ఉంది. బయల్దేరిన రోజునుంచీ, "సార్, ఎట్లాగైనా పెండ్లికి ముందు నన్ను ఇంటికి చేర్చండి" అని రోజుకొకసారి గుర్తుచేసేవాడు. వ్యాను నడిపేది అతనేనన్న సంగతి అతనికి తట్టేది కాదు.

ఆసారి మాకు వచ్చిన రీలు కాంగో దేశం గురించి. ఆ దేశంలో వర్గాలు ఒకరినొకరు చంపుకుంటుంటే, లోకంలోని దేశాలన్నీ కలిసి మధ్యలో నిలబడడానికి ఒక శాంతిదళాన్ని పంపాయి. అందులో మన సైనికులూ ఉన్నారు. వాళ్లను ఇంకా అక్కడ ఎందుకు ఉంచుతున్నారో జనానికి వివరించాలి. హెడ్డాఫీసు నుంచి వ్యాఖ్యానం కూడా రాసి పంపారు. "సంఘర్షణాయుత దేశమందు అంతర్జాతీయ శాంతి పరిరక్షక దళము యొక్క కాలపరిమితిని పొడిగించుట అనివార్యమైనది" అని మొదలయ్యేది. అది రాసినాయన ఎప్పుడూ మైకు ముందు నిలబడి ఉండడు.

ప్రొద్దుటూరులో ఆ వాక్యం చదివితే బట్టల వ్యాపారులు ఓపిగ్గా విని, సైనికుల చొక్కాల గుడ్డ ఏ మిల్లుదని అడిగారు. జమ్మలమడుగులో సగం రీలు అయ్యాక వెనకనుంచి ఎవరో, "హీరోయిన్ ఎప్పుడొస్తాది?" అని కేకేశాడు. రాదని చెప్పేసరికి సగం మంది లేచిపోయారు. ఇక మిగిలింది పులివెందుల. అక్కడ పెద్ద సభ. మా పై అధికారి జగన్నాథరావు గారు కడప నుంచి స్వయంగా వచ్చి ఉపన్యసించాలి. జమ్మలమడుగుకూ పులివెందులకూ మధ్య కొన్ని రోజులు ఖాళీ ఉంటే, అందులో ఒక రాత్రికి నల్లబండపల్లె అని ఒక ఊరు రాశాను. మ్యాపులో దారి పక్కనే కనిపించింది. అంతకు మించి కారణం లేదు.

ఊరి మొదట్లో బండిబాటకు అడ్డంగా నాపరాళ్లు నిలువునా పాతి ఉన్నాయి. మనిషి పక్కకు తిరిగి దూరవచ్చు, బండి దూరదు. మస్తాన్ హారను కొట్టాడు. పదిమంది వచ్చారు, చేతుల్లో కట్టెలు. అతను హారను మీదినుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ప్రభుత్వ వ్యాను అని తెలిశాక వాళ్లు మూడు బండలు పీకి దారి ఇచ్చారు. లోపల ఊరి మధ్యన ఒక ఖాళీ స్థలం, దాని అంచున ఒక మంచినీళ్ల బావి. పైవీధి అటు, కిందివీధి ఇటు. ఆ బావి దగ్గర కూడా కట్టెలతో నలుగురు కూర్చుని ఉన్నారు.

సంగతి చెప్పింది కిందివీధి ముసలామె గంగమ్మవ్వ. ఆమె అడక్కుండానే చెప్పింది. పైవీధికి పెద్ద ఓబుళరెడ్డి, కిందివీధికి పెద్ద పుల్లన్న. పొలాల నుంచి వచ్చే బాట కిందివీధి గుండా ఉంది, తాగే నీళ్ల బావి పైవీధి పక్కన ఉంది. ఏదో మాటపట్టింపు మీద వీళ్లు బాట మూశారు, వాళ్లు బావి మూశారు. పైవీధి వాళ్ల బుడ్డల పంట (వేరుశనగను అక్కడ బుడ్డలంటారు) పీకి పొలంలోనే కుప్పలేసి ఉంది. ఆకాశం చూస్తే మబ్బు. ఒక్క వాన పడితే కాయలు మొలకెత్తుతాయి. కిందివీధి ఆడవాళ్లు నీళ్లకు వాగు దాకా పోయి చెలమలు తోడుకుంటున్నారు.

"పోలీసులు లేరా అవ్వా?" అన్నాను.

"ఉండిరి. గలాటా ఏమీ లేదని పోయినెల ఎత్తేసినారు. వాళ్లున్నన్నాళ్లూ గలాటా లేదు మరి" అంది.

నాకు శాంతి స్థాపించాలన్న ఆలోచన లేశమూ లేదు. నా దృష్టంతా ప్రొజెక్టరు మీద ఉంది. కిందివీధి వాళ్లు పీకిన బండలు మళ్లీ పాతబోతుంటే మాత్రం నేను వెళ్లి ఆపాను. మా నిబంధనల్లో ఒకటుంది. పెట్రోలు జనరేటరు ఉన్న బండి కాబట్టి, అగ్నిప్రమాదం జరిగితే వెంటనే బయటికి పోయేటట్టు, వ్యానుకు ఎప్పుడూ దారి తెరిచి ఉండాలి. "వ్యాను ఇక్కడ ఉన్నంతసేపు ఈ బాట మూయడానికి వీల్లేదు" అన్నాను. ఇంకో నిబంధన, ప్రదర్శన జరిగే చోట ప్రేక్షకులందరికీ తాగునీరు అందుబాటులో ఉండాలి. అది కూడా చెప్పాను. బావి దగ్గరి నలుగురూ ఓబుళరెడ్డి వైపు చూశారు. ఆయన చాలాసేపు మీసం దువ్వుకుని, "గవర్మెంటు రూలంటే రూలే" అన్నాడు. అవతల పుల్లన్న కూడా అదే మాటన్నాడు. ఇద్దరిలో ఎవరూ ఇంకొకరికి లొంగలేదు. కాగితానికి లొంగారు. దానికి ఊళ్లో పరువు పోదు.

సాయంత్రం తెర కట్టాం. పైవీధి వాళ్లు వచ్చి ముందు కూర్చున్నారు. కిందివీధి వాళ్లు వచ్చి చూసి, వాళ్ల పక్కన కూర్చోలేక, గిర్రున తిరిగి తెర వెనక్కి పోయి కూర్చున్నారు. పల్చటి గుడ్డ తెర కాబట్టి బొమ్మ అటూ కనిపిస్తుంది. ఏ గొడవా లేకుండా ప్రదర్శన జరిగిందని నేను టూర్ డైరీలో రాసుకున్నాను.

తెల్లవారి లేచేసరికి గొడవ సిద్ధంగా ఉంది. తెర వెనకనుంచి చూస్తే కుడి ఎడమ అవుతుంది. కిందివీధి వాళ్లు చూసిన సైనికులందరూ ఎడంచేత్తో సెల్యూట్ కొట్టారు. అంతవరకూ పోనిమ్మన్నారు గాని, భోజనాల దృశ్యంలో ఎడంచేత్తో అన్నం తిన్నారు.

"ఎడంచేత్తో కూడు తినే సైన్యం శాంతి ఎట్ల తెస్తాది?" అని పుల్లన్న నన్ను నిలదీశాడు.

"అప్పా, నువ్వు చూసింది వెనకపక్క. వాళ్లు తినేది కుడిచేత్తోనే" అన్నాడు మస్తాన్.

"అయితే వాళ్లకు కుడిచెయ్యి, మాకు ఎడంచెయ్యా? మేమేం తక్కువా? ఈ పొద్దు మాకు ముందుపక్క జూపించి కదలండి."

అది న్యాయమైన కోరికే. పైగా పులివెందుల సభకు ఇంకా వ్యవధి ఉంది. ఉండిపోయాం. ఆ విధంగా మొదటి పొడిగింపు జరిగింది.

ఆ రోజంతా నేను వ్యాను నీడలో కూర్చుని చూశాను. తెరిచిన బాట గుండా పైవీధి బండ్లు ఒకదాని వెనక ఒకటి బుడ్డల మోపులతో వస్తున్నాయి. కిందివీధి ఆడవాళ్లు బిందెలతో బావికి వస్తున్నారు. బండి తోలేవాడు బిందె వైపు చూడడు, బిందె ఎత్తుకున్నామె బండి వైపు చూడదు. ఇద్దరూ నా వ్యాను వైపు చూసుకుంటూ పోయేవాళ్లు, అది ఇంకా ఉందా లేదా అని.

ఆ సాయంత్రం వీధులు తారుమారయ్యాయి. పైవీధి వెనక కూర్చుని ఎడంచేతి భోజనం చూసింది. వ్యాఖ్యానం చదువుతుంటే గంగమ్మవ్వ ముందు వరసలో లేచి నిలబడింది.

"ఏమప్పా, ఆ పొడిగించుట, పొడిగించుట అంటాండావే, ఏంది అది?"

"ఆ సైనికుల గడువు అయిపోయిందవ్వా. వెనక్కి పిలిస్తే మళ్లీ కొట్టుకుంటారని ఇంకొన్ని నెలలు ఉండమన్నారు."

"వాళ్లు ఆడ కొట్టేదీ లేదు, తిట్టేదీ లేదు. ఊరికే నిలబడుకోనుండారు?"

"అవును."

"నీ మాదిరి" అంది. తెరకు రెండు వైపులా నవ్వారు. రీలు ముగిసేదాకా ఆ నవ్వు ఆగలేదు.

మర్నాడు బయల్దేరుదామని మస్తాన్ ఇంజను తుడుస్తుంటే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి నవ్వలేదు. "నువ్వు పోతే మా మొగోళ్లు బండలు నాటుతారు. వాళ్లు బాయి మూస్తారు. ఈతూరి వాళ్ల బుడ్డలు సగం ఇంట్లో, సగం చేన్లో ఉండాయి. ఆ సగానికి తలకాయలు పగులుతాయి. మొగోళ్లకు పౌరుషం, మాకు దప్పి" అంది. తర్వాత ఓబుళరెడ్డి వచ్చి, ఏ సంబంధమూ లేనట్టు, ముందురోజు తమకు ఎడంచేతి సినిమా చూపించారు కాబట్టి మళ్లీ ముందుపక్క చూపించాలన్నాడు. అతని వెనకే పుల్లన్న, అలా చూపిస్తే తమకూ ఇంకోసారి చూపించాలన్నాడు. ఈ లెక్క ఎప్పటికీ తెగదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ లెక్క పట్టుకున్నారు.

నేను ఆకాశం చూశాను. పులివెందుల బస్సు డ్రైవరుతో జగన్నాథరావు గారికి కబురు పంపాను. వ్యాను నల్లబండపల్లెలో ఆగింది, కారణం ప్రేక్షకుల కోరిక అని.

ఇక తిండి బాధ మొదలైంది. మొదటిరోజు ఓబుళరెడ్డి ఇంట్లో భోంచేశాం. "పైవీధి అన్నం తిన్నోడు మధ్యస్తుడెట్ల అవుతాడు?" అని కిందివీధిలో మాట లేచింది. సినిమాలో శాంతిదళం ఎవరి పక్షమూ వహించదని నేనే చెప్పాను గదా. అందువల్ల పొద్దున ఒక వీధిలో బొరుగుల ఉగ్గాని తింటే, వెంటనే రెండో వీధిలో కూడా తినాలి. పైవీధిలో సంగటి, బుడ్డలతో నూరిన ఊరిబిండి పెడితే, కిందివీధిలో అంతకంటే పెద్ద ముద్ద. ఒకరు ఓళిగలు (మా వైపు బొబ్బట్లు) చేశారని తెలిసి ఇంకొకరు నెయ్యి వేసి చేశారు. తెనాలి కడుపుకు రాగిసంగటి రోజుకు నాలుగు ముద్దలు పడితే ఏమవుతుందో వివరించను. మస్తాన్ మాత్రం, "నిష్పక్షపాతం శానా కష్టం సార్" అని మూలుగుతూనే రెండో ఓళిగ అందుకునేవాడు.

ఒకటే రీలు కాబట్టి జనానికి వ్యాఖ్యానం నోటికొచ్చేసింది. నేను ఒక మాట వదిలేస్తే అటునుంచీ ఇటునుంచీ అందించేవాళ్లు. "అనివార్యమైనది" అన్న మాట వచ్చినప్పుడు ఊరు ఊరంతా కలిసి అనేది. రెండు వీధులూ ఒక గొంతుతో మాట్లాడింది ఆ ఒక్క మాట దగ్గరే. అర్థం ఎవరికీ తెలియదు.

పులివెందుల సభ రోజు జగన్నాథరావు గారు జీపులో వచ్చి దిగారు. మద్రాసు సర్వీసులో ఇరవై ఏళ్లు చేసిన మనిషి. తలపాగా నలగదు, మాట తొణకదు. "శాంతిదళం గురించి సినిమా చూపించమన్నాం. మిమ్మల్ని శాంతిదళం కమ్మనలేదు" అన్నారు.

నేను బాట సంగతి, బావి సంగతి చెప్పాను. ఆయన విని, రెండు వీధుల పెద్దల్నీ పిలిపించి, వ్యాను మెట్టు మీద నిలబడి అడిగారు.

"మీ ఊళ్లో తగాదాలేమైనా ఉన్నాయా?"

ఓబుళరెడ్డి చేతులు కట్టుకున్నాడు. "మా ఊర్లోనా సార్? అట్లాంటివేమీ లేవు."

"అన్నదమ్ముల మాదిరి ఉండాం సార్" అన్నాడు పుల్లన్న.

ఆ ప్రాంతంలో ఏ అధికారి అడిగినా జనం చెప్పే జవాబు అదే. ఉందంటే పోలీసులు, సాక్ష్యాలు, కోర్టు వాయిదాలు. జగన్నాథరావు గారు నా వైపు తిరిగి, "విన్నారుగా. ప్రశాంతంగా ఉంది. ప్రశాంతంగా ఉన్నచోట వ్యానుకు పనేమిటి? భోజనం కాగానే తెర విప్పండి" అన్నారు. ఆమాటకొస్తే తర్కంలో తప్పు లేదు. పోలీసుల్ని ఎత్తేసింది కూడా ఈ తర్కంతోనే.

ఓబుళరెడ్డి నన్ను పక్కకు పిలిచాడు. "ఏంది సామీ, గలాటా లేదంటే పోతారా?"

"పోవలసిందే. ఉండడానికి కారణం లేదని ఆయన అంటున్నారు."

"పోలీసులప్పుడూ ఇట్లే అయింది. లేదంటిమి, పాయిరి." పుల్లన్న ఉన్న వైపు చూశాడు. "అయితే గలాటా ఉంటే ఉంటారు."

"నేను అలా అనలేదు" అన్నాను.

"నువ్వనలేదులే" అని, ఆయన నేరుగా ఆ ఖాళీ స్థలం దాటి పుల్లన్న దగ్గరికి నడిచాడు. బావి దగ్గరున్న ఆడవాళ్లు బిందెలు దించేశారు. ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడడం చూసి ఎన్నాళ్లయిందో. మస్తాన్ నా చెవిలో, "అయిపాయ సార్, మొదలైంది" అని వ్యాను వెనక్కి పోయాడు. కాని వాళ్లు కొట్టుకోలేదు. పుల్లన్న ఏదో అడిగాడు, ఓబుళరెడ్డి వేళ్లు మడిచి ఏదో చెప్పాడు, పుల్లన్న తల అడ్డంగా ఊపి ఇంకేదో చెప్పాడు. పెళ్లి మాటలు మాట్లాడుకుంటున్నట్టుంది. తర్వాత ఎవరి వీధికి వాళ్లు పోయారు.

జగన్నాథరావు గారు భోజనం ముగించి జీపెక్కబోతుండగా రెండు వీధుల నుంచీ ఒకేసారి కేకలు లేచాయి. అటు పదిహేను మంది, ఇటు పదిహేను మంది, కట్టెలతో పరిగెత్తుకొచ్చి వ్యానుకు ముందు కలుసుకున్నారు. ఆయన ఒక్క అంగలో జీపులో పడి, కాన్వాసు తెరలు రెండు వైపులా దించేసుకున్నారు.

నేను వ్యానుకు ఆనుకుని నిలబడ్డాను. మొదటి క్షణం అది నిజం గలాటా అనే అనుకున్నాను. తర్వాత ఏదో తేడాగా అనిపించింది. కట్టెకు కట్టే తగులుతోంది, మనిషికి తగలడం లేదు. పైగా ఆ చప్పుడుకు ఒక వరస ఉంది. రెండు దెబ్బలు, ఒక తిరుగుడు, మళ్లీ రెండు దెబ్బలు. ఈ ఊరికి మంచి కోలాటం జట్టు ఉండేదని, తగాదా వచ్చాక అది విరిగిందని గంగమ్మవ్వ అంతకుముందే నాకు చెప్పి ఉంది. వాళ్లంతా ఆ జట్టువాళ్లే. పాదాలు అలవాటుకొద్దీ అదే వరస పట్టుకున్నాయి. తిట్లు కూడా నాకు వింతగా వినిపించాయి.

"మీ నాయన శానా మంచోడు, నువ్వే చెడిపోతివి!" అంటున్నాడు ఒకడు.

"మీ నాయన్ను యేమన్నా అంటినా నేను? నిన్నే అంటాండా!" అంటున్నాడు అవతలివాడు.

జీపు తెర వెనకనుంచి, "ఆపండి! ఎవరైనా ఆపండి!" అని వినిపిస్తోంది.

అప్పుడు పైవీధి వాడొకడు తిరుగుడులో తూలాడు. అతని కట్టె జారి, పుల్లన్న తమ్ముడి కొడుకు నుదురు మీద పడింది. రక్తం కారింది. చప్పుడంతా ఒక్కసారి ఆగిపోయింది.

అంతవరకూ వాళ్లు కోలాటంలో మాదిరి కట్టెల్ని నడిమధ్యన పట్టుకున్నారు. ఇప్పుడు ఒక్కొక్కరి చెయ్యి మెల్లగా కట్టె చివరికి జారింది. కొట్టడానికి పట్టుకునే పట్టు అది. కిందివీధిలో ఇద్దరు ఇంట్లోకి పరిగెత్తారు, కొడవళ్లకేనని నాకు అర్థమైంది. నా నిబంధనల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఆ గడియలో నేనూ నా వ్యానూ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఓబుళరెడ్డి తన చేతిలో కట్టె కింద పడేశాడు. "తప్పు మావోనిది, పుల్లన్నా" అన్నాడు.

అంతగా తగ్గి ఆ ఊళ్లో ఎవరూ మాట్లాడి ఉండరు. పుల్లన్న కదల్లేదు. దెబ్బ తగిలిన కుర్రవాడి వైపు చూశాడు, తనవాళ్ల చేతుల వైపు చూశాడు. ఆయన ఏం చేస్తాడో ఆయనకే తెలియదని నాకు తోచింది.

జనంలోంచి గంగమ్మవ్వ వచ్చింది. "ఉత్తుత్తి గలాటా అని ఒప్పుకోని నిజంగా జేస్తే మాట తప్పినట్లు గాదా? ఏం మర్యాద రా మీది?" అని పుల్లన్న మీదికే పోయింది.

ఎవరో నవ్వారు. నవ్వినవాడు వెంటనే నోరు మూసుకున్నాడు గాని, అప్పటికే ఇంకొకడు అందుకున్నాడు. దెబ్బ తగిలిన కుర్రవాడు నుదురు పట్టుకుని, "నాకేం గాల్యా, పెద్దనాయనా" అన్నాడు. పుల్లన్న కట్టె దించాడు. "సరే" అన్నాడు. అంతే. మిగతావాళ్లూ దించారు. మస్తాన్ వ్యాను వెనకనుంచి ప్రథమ చికిత్స పెట్టెతో వచ్చి, ముఖం పక్కకు తిప్పుకుని టింక్చరు పూశాడు.

జగన్నాథరావు గారు తెర సందులోంచి రక్తం మాత్రమే చూశారు. మాటలు ఆయన దాకా పోలేదు. "ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు ఉండండి!" అన్నారు. నోటిమాట మీద టూర్ ప్రోగ్రాం మార్చలేనని, రాతలో కావాలని నేను వినయంగా చెప్పాను. "పరిస్థితులు చక్కబడువరకు వ్యాను ఇచ్చటనే ఉండవలెను" అని జీపులోంచే రాసిచ్చారు. జీపు పులివెందుల వైపు దుమ్ము లేపుకుంటూ పోయింది. సినిమా లేకుండానే అక్కడ సభ జరిగిందట. రెండు వర్గాల మధ్య నిలబడడమంటే ఏమిటో స్వానుభవంతో చెబుతున్నానని ఆయన గంటసేపు మాట్లాడారట. చప్పట్లు బాగా వచ్చాయని తర్వాత ఆయనే చెప్పారు. తెరలు దించుకున్న సంగతి నేను ఆయన రిటైరయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు.

పైవీధి పంట ఇల్లు చేరేదాకా మేం ఉన్నాం. చివరి బండి వచ్చిన సాయంత్రమే వాన దిగింది. ఇక పోవచ్చుననుకున్నాం గాని, నల్లరేగడిలో వ్యాను చక్రాలు సగానికి దిగబడ్డాయి. ఇప్పుడు వెళ్లమన్నా వెళ్లలేం. మస్తాన్ చక్రం పక్కన కూర్చుని చెల్లెల్ని తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాన వెలిశాక రెండు వీధులూ వచ్చి తోశాయి. పైవీధి కుడివైపు పట్టుకుంది, కిందివీధి ఎడమవైపు. ఒకరి కంటే ఒకరు గట్టిగా తోయడంతో వ్యాను ముందుకు పోకుండా మొదట ఇటు, తర్వాత అటు తిరిగింది. చివరికి అందరినీ వెనక్కి పొమ్మని గంగమ్మవ్వ తిట్టాక, కలిసి వెనకనుంచి తోశారు. రోడ్డెక్కాం. మస్తాన్ చెల్లెలి పెళ్లికి సమయానికి చేరాడు. పెళ్లిభోజనం మాత్రం తినలేకపోయాడు. కడుపు ఇంకా కుదుటపడలేదు.

మరుసటి ఏడు మశూచి టీకాల రీలుతో అటే వెళ్లాను. రెండు వీధులూ ఒకటైపోయి ఉంటాయని ఆశపడ్డానని ఒప్పుకోవాలి. ఏమీ కాలేదు. ఓబుళరెడ్డీ పుల్లన్నా మాట్లాడుకోవడం లేదు. బాటకు నాపరాళ్లు మళ్లీ పాతారు. కాకపోతే మధ్యలో ఒక బండి పట్టేంత సందు వదిలారు. బావికి ఎదురుగా, కిందివీధి వైపు, రెండో గిలక బిగించి ఉంది. పైవీధి వాళ్లు ఒక గిలక మీద తోడుకుంటారు, కిందివీధి వాళ్లు ఇంకొక గిలక మీద. ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదు. నీళ్లు మాత్రం ఒకటే. ఆ రాత్రి తెర కట్టాక అలవాటుగా కిందివీధి వెనక్కి పోయి కూర్చుంది.

ఆ ఊరి వల్ల నేను నేర్చుకున్నది రెండు సంగతులు. మధ్యలో నిలబడ్డవాడు ఎవరినీ కలపలేడు. నిలబడ్డంతసేపు వాళ్ల పనులు వాళ్లు చేసుకోనివ్వగలడు, అంతే. ఆ పనులు అయ్యేదాకా గడువు ఉందా లేదా అన్నదే ముఖ్యం. రెండోది, ఏ ఊళ్లోనైనా గొడవ లేదని చెబితే, అది వెళ్లిపోవడానికి చాలిన కారణం కాదు. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లూ నా టూర్ ప్రోగ్రాంలో ప్రతి పల్లెకూ రెండు రోజులు అదనంగా రాసేవాణ్ని. ఎందుకని అడిగిన ప్రతి అధికారికీ జనరేటరు మరమ్మతుకని జవాబిచ్చాను. ఎవరూ కొట్టివేయలేదు.